వంటచెరకు దీవి

నెల్లూరు తీరమంటే ఇసుకమేటలు, ఉప్పుటేరులు, రొయ్యల చెరువులు అనుకొనేవారికి, అక్కడొక సతతహరితారణ్యం ఉందంటే వింతగా తోచవచ్చు. చెన్నపట్నానికి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోటలో ఉన్నదది.

పడమటి కనుమల వర్షారణ్యం వంటిది కాదిది. ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలే దీనికి ప్రధానాధారం. వేసవి ఎండ, ఉప్పుగాలి మాత్రం దండిగా ఉంటాయి. అయినా చెట్లు మోడువారవు. దళసరి ఆకులతో తేమను పొదుపు చేసుకొంటాయి. పాల, నేరేడు, అల్లి, ముషిడి, కుంకుడు ఇక్కడి పాతకాపులు. దేవాంగపిల్లి కూడా ఉంది. ఈ శుష్క సతతహరితారణ్యం ఒకప్పుడు కోరమాండల్ తీరమంతా ఉండేది. నేడు గుడితోపుల్లో తునకలుగా మిగిలింది. మిగిలినవాటిలో శ్రీహరికోటది పెద్దది.

ఎలా మిగిలిందో చెప్పాలంటే నగరం కథ చెప్పాలి. ఆంగ్లేయులు 1626లో దీవికి ఉత్తరాన దుగరాజపట్నంలో వర్తకస్థానం పెట్టారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాక దుగరాజపట్నం వెలవెలబోయింది. తీరం మీద పుట్టిన నగరానికి బట్టలకు ఎర్రరంగునిచ్చే చిరివేరు కావాలి, పొయ్యిలోకి కట్టెలు కావాలి. 1835లో కంపెనీ ప్రభుత్వం శ్రీహరికోటను స్వాధీనం చేసుకొంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదలైన కాలువ క్రమంగా ఉత్తరానికి సాగి, తరువాత బకింగ్‌హామ్ కాలువ అయింది. ఈ తీరపు కట్టెలు దానిమీద పడవల్లో పట్నం చేరేవి. నరికినచోట సరుగుడు, నీలగిరి నాటారు. అడవిని ప్రేమించి కాపాడినవారు లేరు. కట్టెల కోసమే అట్టేపెట్టారు.

దీవిలో అనాదిగా ఉన్నవారు యానాదులు. తేనె, చిరివేరు, కుంకుళ్ళు, దుంపలు సేకరించి సర్కారుకు అప్పగిస్తే, బదులుగా ధాన్యం ముట్టేది. పామును, మూలికను, నీటిజాడను ఎరిగినవారి విద్యకు కట్టిన వెల అది!

1969లో రాకెట్ కేంద్రానికి ఈ దీవిని ఎంపిక చేశారు. తూర్పున సముద్రం, పైగా జనావాసం తక్కువ, అన్నది కారణం. (తక్కువే గాని, శూన్యం కాదు.) దాదాపు 145 చదరపు కిలోమీటర్లు కేంద్రం చేతికి వచ్చాయి, 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. ఊళ్ళు ఖాళీ అయ్యాయి, గొడ్డలి ఆగింది. అడవికి అది మేలే. ఆ మేలుకు ఎవరి ఇల్లూవాకిలీ పోయాయో మాత్రం రాకెట్ చరిత్రలో రెండు వాక్యాలకు మించి కనబడదు. యానాదులలో కొందరు దీవిలోనే మిగిలి కూలిపనుల్లో కుదిరారు. తమ అడవిలోనే అనుమతి మీద తిరిగే అతిథులైనారు.

2022లో సూళ్ళూరుపేటతోపాటు ఈ దీవి నెల్లూరును వదలి తిరుపతి జిల్లాలో చేరింది. 2019 నుంచి ప్రయోగాలు చూడడానికి ప్రజలకు గ్యాలరీ ఉంది. మద్రాసు నుంచి జనం బాగానే వస్తారు. అందరి చూపూ ఆకాశం మీదే. అడవిలోకి దారి లేదు. సూళ్ళూరుపేట నుంచి సరస్సు మీదుగా వెళ్ళే రోడ్డున, శీతకాలంలో రాజహంసలు కాళ్ళు తడుపుకొంటూ నిలబడి ఉంటాయి. వాటి వెనుక తూర్పున కనబడే ముదురాకుపచ్చ గీతే ఆ అడవి.