ఆన్‌లైన్ డాక్టర్ ఇచ్చే సిక్ లీవ్ సర్టిఫికెట్ చెల్లుతుందా? ఎర్రగుంట్ల కార్మికులు ఫీజు కట్టే ముందు చూసుకోవాల్సినవి ఇవే..

రాత్రి నుంచి జ్వరం. పొద్దున షిఫ్ట్‌కు లేచి వెళ్లే ఓపిక లేదు. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే 'వచ్చేటప్పుడు డాక్టర్ సర్టిఫికెట్ తీసుకురా, లేకపోతే నాగా పడుతుంది' అంటాడు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలు, ఆర్టీపీపీ, నాపరాయి పాలిష్ యూనిట్లలో పనిచేసే వాళ్లకు ఇది తెలిసిన సంగతే. ముఖ్యంగా కాంట్రాక్టర్ కింద చేసేవాళ్లకు ఒక్క నాగా అంటే ఒక రోజు కూలి పోయినట్టే. అలాంటప్పుడు ఫోన్‌లో వెతికితే, ఫీజు కట్టగానే పీడీఎఫ్ పంపిస్తామనే ప్రకటనలు కనిపిస్తాయి. పొద్దుటూరుకో కడపకో బస్సెక్కే బాధ తప్పుతుంది కదా అని చాలామంది అటే మొగ్గుతారు.

మరి ఆ పీడీఎఫ్‌ను ఆఫీసులో తీసుకుంటారా? అది మీరు దాన్ని ఎవరి చేతికి ఇస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల సరిపోతుంది. కొన్నిచోట్ల అస్సలు పనికిరాదు.

వైద్యం వరకు ఓకే

ఆన్‌లైన్‌లో డాక్టర్‌ను సంప్రదించడం పూర్తిగా చట్టబద్ధమే. కరోనా లాక్‌డౌన్ మొదలైన రోజుల్లోనే, అంటే 2020 మార్చి 25న కేంద్రం టెలీమెడిసిన్ ప్రాక్టీస్ గైడ్‌లైన్స్ విడుదల చేసింది. వీడియో, ఆడియో, మెసేజ్.. ఏ రూపంలోనైనా రిజిస్టర్డ్ డాక్టర్ సలహా ఇవ్వొచ్చు, మందులు రాయొచ్చు. తన రిజిస్ట్రేషన్ నంబర్ ప్రిస్క్రిప్షన్ మీద కనిపించాలి. పేషెంట్ ఎవరో నిర్ధారించుకోవాలి. ఫోన్‌లో చూస్తే సరిపోదు అనిపిస్తే నేరుగా రమ్మని చెప్పాలి.

ఇక్కడ చాలామంది గమనించని పాయింట్ ఒకటుంది. ఏఐ ప్లాట్‌ఫామ్‌లు సొంతంగా పేషెంట్‌కు సలహా ఇవ్వడం, మందులు రాయడం ఈ గైడ్‌లైన్స్ ప్రకారం కుదరదు. డాక్టర్‌తో ఒక్క మాట కూడా మాట్లాడించకుండా, నాలుగు ప్రశ్నలకు టిక్ పెట్టించుకుని సర్టిఫికెట్ పంపేస్తున్నారంటే అక్కడ వైద్యమే జరగలేదన్నమాట.

అసలు చిక్కు సర్టిఫికెట్ దగ్గరే

ప్రిస్క్రిప్షన్ వేరు, లీవ్ సర్టిఫికెట్ వేరు. ప్రిస్క్రిప్షన్ అంటే ఏ మందులు వాడాలో చెప్పే కాగితం. సర్టిఫికెట్ అంటే 'ఈ మనిషిని నేను పరీక్షించాను, ఇన్ని రోజులు పనికి దూరంగా ఉండాల్సిందే' అని డాక్టర్ తన పేరు మీద ఇచ్చే హామీ.

దీనికి ఒక నమూనా ఉంది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నైతిక నియమావళిలోని రెండో అనుబంధమే అది. (2023 ఆగస్టులో కొత్త నియమాలు వచ్చినా అదే నెలలో వాటిని పక్కన పెట్టేశారు. అందుకే పాతవే నడుస్తున్నాయి.) ఈ నమూనాలో మొదటి గడి పేషెంట్ సంతకం లేదా వేలిముద్ర. అది కూడా డాక్టర్ సమక్షంలో వేయాలి. తర్వాత ఒంటి మీద ఉన్న గుర్తింపు చిహ్నాలు, అంటే పుట్టుమచ్చలాంటివి రాయాలి. జబ్బు ఏంటి, ఏ తేదీ నుంచి ఎన్ని రోజులు సెలవు అవసరం అన్నవి ఉండాలి. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌ను డాక్టర్ ఒక రిజిస్టర్‌లో ఎక్కించి, కాపీ దగ్గర పెట్టుకోవాలి.

'సమక్షంలో సంతకం' అన్న ఈ ఒక్క మాట దగ్గరే ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఇరుక్కుంటుంది. పుట్టుమచ్చను వీడియోలో చూపించొచ్చేమో కానీ, సంతకం డాక్టర్ ఎదుట పడలేదు కదా! తీసుకునే ఆఫీసు పట్టుబడితే ఆ కాగితాన్ని పక్కన పెట్టడానికి ఇదే సాకు చాలు.

కంపెనీ హెచ్ఆర్, ఈఎస్ఐ, గవర్నమెంట్.. ఎవరి లెక్క వాళ్లది

ప్రైవేట్ కంపెనీలో రెండు మూడు రోజుల సెలవుకైతే హెచ్ఆర్ నిర్ణయమే ఫైనల్. కొందరు ఆన్‌లైన్ ప్రిస్క్రిప్షన్‌తోనే సరిపెట్టుకుంటారు. కొందరు తమ ఫ్యాక్టరీ డాక్టర్ చూసి సరే అంటేనే ఒప్పుకుంటారు. అందుకే ముందు హెచ్ఆర్‌కు ఒక మెసేజ్ పెట్టి 'ఆన్‌లైన్ సర్టిఫికెట్ తీసుకుంటారా' అని అడగండి. జవాబు రాతపూర్వకంగా ఉంటే మంచిది. ఫీజు కట్టాక అడిగితే లాభం లేదు.

ఈఎస్ఐ ఉన్నవాళ్ల కథ వేరు. అసలు నష్టపోయేది కూడా ఎక్కువగా వీళ్లే. నెలకు రూ.21,000 లోపు జీతం ఉండి, ఈఎస్ఐ వర్తించే సంస్థలో పనిచేసే వాళ్ల జీతంలో 0.75 శాతం చందాగా కట్ అవుతుంది, యజమాని 3.25 శాతం కడతాడు. కాంట్రాక్ట్ కార్మికులకూ ఇది వర్తిస్తుంది. జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే సగటు రోజు వేతనంలో 70 శాతం ఈఎస్ఐ ఇస్తుంది, ఏడాదికి 91 రోజుల వరకు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. మొదటి రెండు రోజులు మామూలుగా లెక్కలోకి రావు.

రోజుకు రూ.500 వచ్చే లోడింగ్ కార్మికుడు టైఫాయిడ్‌తో 12 రోజులు మంచాన పడ్డాడనుకుందాం. రెండు రోజులు తీసేస్తే మిగిలేవి పది. రోజుకు రూ.350 చొప్పున రూ.3,500 చేతికి రావాలి. కానీ ఈ డబ్బు రావాలంటే ఈఎస్ఐ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. ప్రత్యేక పరిస్థితుల్లో వేరే ఆధారాలను ఒప్పుకునే అధికారం ఈఎస్ఐ కార్పొరేషన్‌కు ఉంది. అయితే అది వాళ్ల విచక్షణ, మన హక్కు కాదు. ఆన్‌లైన్ పీడీఎఫ్‌ను నమ్ముకుని 12 రోజులు ఇంట్లోనే ఉండి, తర్వాత డిస్పెన్సరీకి వెళ్తే ఆ మూడున్నర వేలు వస్తాయన్న గ్యారంటీ లేదు. లేవగలిగిన మొదటి రోజే మీ ఐపీ నంబర్‌కు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్లడం మేలు. చందా కడుతూ కూడా తమకు ఈ హక్కు ఉందని తెలియని కార్మికులు ఇంకా ఉన్నారు. పే స్లిప్‌లో ఈఎస్ఐ అని కట్ అవుతోందా లేదా ఒకసారి చూసుకోండి.

ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లకు కమ్యూటెడ్ లీవ్ కావాలంటే మెడికల్ సర్టిఫికెట్ తప్పనిసరి. సెలవు ఎన్ని రోజులైతే హాఫ్ పే లీవ్ ఖాతాలో అంతకు రెట్టింపు రోజులు తగ్గుతాయి. అన్ని లీవులు ఖర్చయ్యే కాగితం విషయంలో రిస్క్ ఎందుకు? గవర్నమెంట్ డాక్టర్ దగ్గరికి నేరుగా వెళ్లడమే సేఫ్.

'ఆర్‌ఎంపీ' అంటే ఏ ఆర్‌ఎంపీ?

టెలీమెడిసిన్ గైడ్‌లైన్స్‌లో అడుగడుగునా ఆర్‌ఎంపీ అన్న మాట ఉంటుంది. అక్కడ దాని అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే మెడికల్ కౌన్సిల్‌లో పేరున్న డాక్టర్. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే వేరే.. సూది వేసి, మాత్రలు ఇచ్చే గ్రామీణ వైద్యుడు. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, నిజమే. కానీ ఆయన లెటర్‌హెడ్ మీద రాసిచ్చే లీవ్ సర్టిఫికెట్‌కు విలువ లేదు.

ఆన్‌లైన్‌లో కనిపించే డాక్టర్‌కూ ఇదే పరీక్ష పెట్టాలి. సర్టిఫికెట్ మీద ఉన్న రిజిస్ట్రేషన్ నంబర్, పేరు తీసుకుని నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో కొట్టి చూడండి. వేరే రాష్ట్రం డాక్టర్ అయినా పర్లేదు, పేరు మాత్రం ఉండాలి. నంబరే లేదంటే డబ్బు కట్టొద్దు.

'పోయిన వారం తేదీ వేసి ఇస్తాం' అనే వాళ్లకు ఇంకా దూరంగా ఉండాలి. తప్పుడు సర్టిఫికెట్‌పై సంతకం పెట్టిన డాక్టర్ పేరును రిజిస్టర్ నుంచి తీసేసే వీలుంది. తీసుకున్నవాళ్లూ తప్పించుకోలేరు. నకిలీ పత్రం అని తెలిసీ దాన్ని అసలుదిగా వాడితే భారతీయ న్యాయ సంహిత కింద కేసు అవుతుంది. ఒక్కరోజు కూలి కోసం పోతే ఉద్యోగమే పోయే ప్రమాదం.

ఫ్రీగా చూపించుకునే దారి

ప్రయాణం చేసే ఓపిక లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. ఆరోగ్య కేంద్రాల నుంచే పెద్ద డాక్టర్‌తో వీడియోలో మాట్లాడించే ఈ విధానాన్ని 2019 నవంబర్‌లో మొదట అమలు చేసింది ఆంధ్రప్రదేశే. ఇంటి నుంచే మాట్లాడే ఓపీడీ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. రూపాయి ఖర్చు లేదు, ఈ-ప్రిస్క్రిప్షన్ వస్తుంది. ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌కు వెళ్తే అక్కడి సిబ్బందే కనెక్ట్ చేస్తారు.

ఆ ప్రిస్క్రిప్షన్ లీవ్ సర్టిఫికెట్ కాదు. కానీ ఫలానా తేదీన జ్వరంతో డాక్టర్‌ను సంప్రదించారనడానికి ఆధారం. మర్నాడో ఆ తర్వాతో పీహెచ్‌సీకి గానీ, ఈఎస్ఐ డిస్పెన్సరీకి గానీ వెళ్లినప్పుడు దాన్నీ, మందుల బిల్లునూ, రక్త పరీక్ష రిపోర్టునూ కలిపి చూపించండి. సర్టిఫికెట్ రాసే డాక్టర్‌కు జబ్బు ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది.

లీవ్ సర్టిఫికెట్ ఆఫీసులో ఇచ్చేసే ముందు దానికో జిరాక్స్ తీసి పెట్టుకోవడం మర్చిపోవద్దు. డ్యూటీలో చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగితే, అది రాసే డాక్టర్ మొదటి సర్టిఫికెట్‌ను లేదా దాని ధ్రువీకరించిన కాపీని చూసి రాయాలని అదే నమూనాలో ఉంది.