ముద్ర తీసిన ఫైళ్లలో ఏముంది? యూఎఫ్‌ఓ పత్రాల విడుదలపై ఒక పరిశీలన

అమెరికా ప్రభుత్వం యూఎఫ్‌ఓ ఫైళ్లు బయటపెట్టిందని వార్త వచ్చిన ప్రతిసారీ గ్రహాంతరవాసుల గుట్టు రట్టయిందని టీవీ చానళ్లు, యూట్యూబ్ హోరెత్తిపోతాయి. వారం తిరిగేసరికి ఆ సందడి సద్దుమణుగుతుంది. ఆ పత్రాలను తెరిచి చదివినవాళ్లు మాత్రం ఎక్కడా పెద్దగా కనిపించరు. ఒక పత్రం ప్రభుత్వానిదేనని తేలడం ఒకటి, అందులో రాసింది నిజమని తేలడం మరొకటి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఇన్నేళ్లుగా చర్చ ఉన్నచోటే ఉంది. నమ్మేవాళ్లు ప్రభుత్వ ముద్రను సాక్ష్యంగా చూపిస్తారు, నమ్మనివాళ్లు ప్రభుత్వ వివరణను చూపిస్తారు. ముద్రనూ వివరణనూ ఒకే గీటురాయి మీద గీసి చూడాలన్నది ఈ వ్యాసం వాదన.

ముందుగా అందరూ చూసిన వీడియోల సంగతి. 2020 ఏప్రిల్ 27న అమెరికా రక్షణ శాఖ మూడు వీడియోలను అధికారికంగా విడుదల చేసింది. ఒకటి 2004 నవంబరులో, రెండు 2015 జనవరిలో నౌకాదళ యుద్ధవిమానాల పరారుణ కెమెరాలు తీసినవి. 2007లో, 2017లో అనుమతి లేకుండా బయటికి పొక్కినవి ఇవేనని ఆ శాఖే చెప్పింది. వీడియోలు తమవేనని, వాటిలో కనిపించేవాటిని ఇంకా గుర్తించలేదని మాత్రమే ఆ ప్రకటనలో ఉంది. మరుసటి రోజు పతాక శీర్షికల్లో మాత్రం ‘యూఎఫ్‌ఓలు నిజమేనన్న పెంటగాన్’ అయి కూర్చుంది.

వాటిలో ‘గోఫాస్ట్’ అనే వీడియోలో ఒక చిన్న తెల్లటి చుక్క సముద్రం నీళ్లను ఒరుసుకుంటూ బాణంలా దూసుకుపోతున్నట్టు ఉంటుంది. చూసిన పైలట్లు కూడా ఆశ్చర్యంతో కేకలు వేశారు. అదృష్టవశాత్తు ఆ తెర మీది అంకెలను ఎవరూ చెరిపేయలేదు. విమానం 25,000 అడుగుల ఎత్తున ఉంది. కెమెరా చుక్క మీద నిలిచినప్పుడు దాని చూపు క్షితిజానికి 26 డిగ్రీలు కిందికి ఉంది, లక్ష్యం దూరం 4.4 నాటికల్ మైళ్లని తెర చెబుతోంది. అంటే సుమారు 26,700 అడుగులు. ఇంటర్మీడియట్‌లో త్రికోణమితి చదివినవాళ్లెవరైనా మిగతా లెక్క చేసుకోవచ్చు. 26 డిగ్రీల సైన్ విలువ దాదాపు 0.44. దాన్ని దూరంతో హెచ్చవేస్తే 11,700 అడుగులు వస్తుంది. విమానం ఎత్తులోంచి అది తీసేస్తే చుక్క ఉన్నది 13,300 అడుగుల దగ్గర. నీళ్లకు ఆనుకుని కాదు, విమానానికీ సముద్రానికీ నడిమధ్యన. మరి ఆ వేగం? రైలు కిటికీలోంచి చూస్తే పట్టాల పక్క కరెంటు స్తంభాలు వెనక్కి పరుగెత్తినట్టు ఉండడానికి కారణమేదో ఇక్కడా అదే. ఆ పరుగులో చాలా భాగం కెమెరా మోస్తున్న విమానానిదే.

2023 సెప్టెంబరులో నివేదిక ఇచ్చిన నాసా స్వతంత్ర అధ్యయన బృందం ఇదే పద్ధతిలో లెక్కకట్టి, చుక్క సగటు వేగం గంటకు దాదాపు 40 మైళ్లని తేల్చింది. ఆ ఎత్తులో గాలి వేగంతో అది సరిపోతుంది. మరుసటి ఏడాది నవంబరులో రక్షణ శాఖకు చెందిన ఆరో (ఈ కేసుల కోసమే పెట్టిన కార్యాలయం) అధిపతి సెనేట్ కమిటీ ముందు చెప్పిందీ 13,000 అడుగుల మాటే. అయితే ఆ చుక్క బెలూనో పక్షో మరొకటో ఈ లెక్క చెప్పదు. అసాధారణమైన వేగం లేదన్నంతవరకే చెబుతుంది, అది చాలు. ఈ కేసు తేలడానికి అధికారి సంతకం అక్కరకు రాలేదు, పని చేసింది తెర మీది అంకెలు. వాటిని చెరిపేసి ఇదే వీడియోను విడుదల చేసి ఉంటే, నిజాయితీగా చూసేవాళ్లకు కూడా అది ఈనాటికీ అంతుచిక్కనిదిగానే మిగిలిపోయేది.

అందుకే ప్రతి విడుదలలోనూ నేను ముందుగా చూసేది ఏం ఇచ్చారన్నది కాదు, కొలతలు ఇచ్చారా లేదా అన్నది. 2022లో మన సమాచార హక్కు చట్టం లాంటి అమెరికా చట్టం కింద ఒక దరఖాస్తు వెళితే, మిగతా వీడియోలు ఇవ్వబోమని నౌకాదళం జవాబిచ్చింది. ఇస్తే తమ సామర్థ్యాలు ప్రత్యర్థులకు తెలిసిపోతాయన్నది కారణం. ఆ కారణాన్ని నేను కొట్టిపారేయను. ఒక కెమెరా ఎంత దూరం నుంచి ఎంత చిన్న వస్తువును పట్టుకోగలదో శత్రువుకు తెలియడం నిజంగానే ప్రమాదం. కానీ దాని పర్యవసానం గమనించాలి. సాధారణంగా దాచేది, చూసిన కన్ను ఎంత దూరం చూడగలదన్న సంగతి, కనిపించిన వస్తువు సంగతి కాకపోవచ్చు. ఫైలులో నల్ల సిరా పట్టీ కనబడగానే దాని కింద గ్రహాంతర నౌక ఉందనుకునేవాళ్లు ఈ మామూలు కారణాన్ని ముందు దాటి రావాలి.

ఇప్పుడు పాత లెక్కలకు వస్తాను. యూఎఫ్‌ఓ నివేదికలను పరిశీలించే ప్రాజెక్ట్ బ్లూబుక్‌ను అమెరికా వైమానిక దళం 1969లో మూసేసేనాటికి, అంతకు ముందటి ప్రాజెక్టులవి కూడా కలుపుకొని 1947 నుంచి 12,618 నివేదికలు పోగయ్యాయి. వాటిలో 701 గుర్తించనివిగా మిగిలాయి. అంటే నూటికి ఐదున్నర కొంచెం పైన. ‘ప్రభుత్వమే ఒప్పుకున్న 701’ అని ఒక వర్గం అర్ధ శతాబ్దంగా చెబుతోంది. సమాచారం చాలని కేసులే అలా మిగిలిపోయాయన్నది రెండో వర్గం జవాబు.

ఆ జవాబు అంత తేలికగా ఒప్పుకోదగ్గది కాదు. వైమానిక దళం కోసం బాటెల్ సంస్థ గణాంక విశ్లేషణ చేసి ఇచ్చిన 14వ ప్రత్యేక నివేదిక 1955లో వెలువడింది. అందులో నాణ్యమైన నివేదికల్లో గుర్తించనివాటి నిష్పత్తి, నాసిరకం నివేదికల్లోకంటే ఎక్కువగా వచ్చింది. సమాచార లోపమే కారణమైతే తీరు తలకిందులుగా ఉండాలి కదా? సంశయవాదులు తరచుగా దాటవేసే సాక్ష్యం ఇది. దీని మీద నాకు తోచిన పరిమితి ఒకటుంది. బాటెల్ వర్గీకరణలో ‘సమాచారం చాలదు’ అనేది విడిగా ఒక గడి. నాసిరకం కేసులు చాలావరకు ఆ గడిలోకి జారిపోతాయి కాబట్టి, ‘గుర్తించనివి’ అనే గడిలో అవి తక్కువగా కనిపించడంలో వింత లేదు. పైగా నాణ్యతకు మార్కులు వేసింది సాక్షి నమ్మకస్తుడా, కథనం పొందికగా ఉందా అనే అంచనాలతో. పొందికగా చెప్పిన అనుభవజ్ఞుడైన పైలట్ దగ్గర కూడా దూరం కొలిచే సాధనం ఉండాల్సిందే. ఈ వివరణ సరిపోతుందని గట్టిగా అనలేను, ఆ అంకెలను పక్కకు నెట్టేయడం మాత్రం తప్పు.

ప్రభుత్వ వివరణను గీటురాయి మీద గీయాల్సిన చోటు యూ-2 కథ. సీఐఏ గూఢచారి విమానం యూ-2 పరీక్షలు 1955 ఆగస్టులో మొదలయ్యాయి. అప్పటి ప్రయాణికుల విమానాలు 10,000 నుంచి 20,000 అడుగుల మధ్య ఎగిరేవి, ఇది 60,000 అడుగుల పైన. సాయంత్రం పూట కిందనున్న పైలట్‌కు పొద్దు గుంకిపోయి చీకటి పడుతుంటే, అంత ఎత్తున ఉన్న విమానానికి ఎండ ఇంకా తగులుతూనే ఉంటుంది. తొలినాళ్లలో దానికి రంగు వేయలేదు. వెండిలా మెరిసే రెక్కల మీద పడమటి వెలుగు పడితే కింది నుంచి చూసేవాడికి అది నిప్పుకణికే. బ్లూబుక్ సిబ్బంది సీఐఏను అడిగి యూ-2 ప్రయాణ వివరాలతో సరిచూసుకునేవారు, అసలు కారణం మాత్రం ఉత్తరం రాసిన పౌరుడికి చెప్పే వీల్లేదు. అంటే అధికారులు తెలిసి తెలిసి జనానికి తప్పుడు జవాబులు ఇచ్చారు. ప్రభుత్వం దాచిందన్న అనుమానం ఇంతవరకు పూర్తిగా నిజమైంది.

1997లో సీఐఏ చరిత్రకారుడు జెరాల్డ్ హెయిన్స్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. 1950ల చివరి నుంచి 1960ల పొడవునా వచ్చిన యూఎఫ్‌ఓ నివేదికల్లో సగానికి పైగా ఇలాంటి గూఢచారి విమానాలవేనని రాశాడు. చాలా పత్రికలు ఆ మాటను అలాగే అచ్చేశాయి. ఆ మాట పక్కన బ్లూబుక్ సొంత వార్షిక లెక్కలు పెట్టి చూడండి. అన్నింటికంటే ఎక్కువ నివేదికలు 1952లో వచ్చాయి, 1,501. అప్పటికి యూ-2 పుట్టనే లేదు. 1954లో 487, విమానం ఎగరడం మొదలైన 1955లో 545. పెరిగింది 58 మాత్రమే. మళ్లీ వెయ్యి దాటింది 1957లో, స్పుత్నిక్ ఎగిరి ప్రపంచం తలెత్తి ఆకాశం చూసిన ఏడాది. ఆ తర్వాత 1966లో, మిషిగన్ రాష్ట్రంలో జనం వింత వెలుగులు చూశామన్న ఉదంతం పత్రికలకెక్కిన ఏడాది. ఈ ఎగుడుదిగుళ్లు వార్తలను అనుసరించినట్టున్నాయి కానీ, యూ-2 ప్రయాణాలను అనుసరించినట్టు లేవు. ఏ నివేదిక ఏ విమానానిదో చూపే పట్టిక హెయిన్స్ వ్యాసంలో లేదు. కొన్ని కేసులు యూ-2వే అయ్యుంటాయి. ‘సగానికి పైగా’ అన్నదానికి మాత్రం తగిన ఆధారం చూపలేదు. గ్రహాంతర నౌక అన్న వాదనను ఆధారం అడిగే మనిషి, ఈ వాదనను కూడా ఆధారం అడగాలి.

రోజ్‌వెల్ ఫైళ్లలోనూ ఇదే చిక్కు. 1947 జూలై 8న న్యూమెక్సికోలోని రోజ్‌వెల్ వైమానిక స్థావరం ఎగిరే పళ్లెం దొరికిందని ప్రకటించి, ఆ వెంటనే వాతావరణ బెలూన్ అని మాట మార్చింది. 1994లో వైమానిక దళం అసలు కారణంగా చెప్పింది ప్రాజెక్ట్ మొగల్‌ను: సోవియట్ అణుపరీక్షల ధ్వనిని పట్టుకోవడానికి పై వాతావరణంలోకి పంపిన బెలూన్ల వరస. దొరికిన తుక్కు వర్ణనకు ఇది బాగానే కుదురుతుంది. 1997లో అదే దళం అక్కడ గ్రహాంతరవాసుల ‘శవాలు’ చూశామన్న కథలకు పారాచ్యూట్ పరీక్షల బొమ్మలే కారణమంది. ఆ బొమ్మలను వదిలింది 1950లలో. సాక్షులు దశాబ్దాల తర్వాత కాలాన్ని కలగలిపేశారని వైమానిక దళం సర్దిచెప్పింది. మొదటి వివరణకు పత్రాలున్నాయి, రెండోదానికి ఊహ ఎక్కువ. అమెరికా కాంగ్రెస్ తనిఖీ సంస్థ జీఏఓ 1995లో వెతికితే, ఆ స్థావరం నుంచి 1946 అక్టోబరు మొదలు 1949 డిసెంబరు దాకా బయటికి వెళ్లిన సందేశాలు ధ్వంసమైపోయాయని, ఎవరి అనుమతితో చేశారో రికార్డు చెప్పడం లేదని తేలింది. లేని కాగితం గ్రహాంతరవాసులకు సాక్ష్యం కాదు, ఏమీ జరగలేదనడానికీ సాక్ష్యం కాదు.

బెలూన్ వివరణ వినగానే నవ్వేవాళ్లకు మన దగ్గరి సంగతి ఒకటి గుర్తుచేయాలి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో పొలాల్లో ఒక పెద్ద వింత వస్తువు దిగితే చుట్టుపక్కల ఊళ్ల జనం పోగయ్యారు, గ్రహాంతర నౌకేనని ఫోన్లలో ప్రచారం సాగింది. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఒక స్పెయిన్ సంస్థ ప్రయోగాత్మకంగా పంపిన క్యాప్సూల్ అది. అక్కడ రహస్యం లేదు, పంపినవాళ్లు ముందుకొచ్చి తమదేనన్నారు, అనుమానం అంతటితో తీరింది. 1947లో ఆ మాట చెప్పే వీలు లేకపోయింది.

2024 మార్చిలో ఆరో కార్యాలయం విడుదల చేసిన చారిత్రక నివేదిక, ప్రభుత్వం దగ్గర గ్రహాంతర నౌకలున్నాయన్న ఆరోపణలకు ఆధారాలు దొరకలేదని చెప్పింది. 2023 జూలైలో కాంగ్రెస్ కమిటీ ముందు మాజీ ఇంటెలిజెన్స్ అధికారి డేవిడ్ గ్రష్ చేసిన ఆరోపణలు ఇతరుల నుంచి విన్నవేనని ఆయన వాంగ్మూలమే చెబుతోంది కాబట్టి, ఆ ముగింపు నాకు సబబుగానే తోచింది. అయితే 2025 జూన్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ ఒక కథనం ప్రచురించింది. రహస్య ఆయుధాలను కప్పిపుచ్చడానికి సైనికాధికారులే కొన్ని యూఎఫ్‌ఓ కథలు అల్లారని, 1980లలో ఒక కల్నల్ ఏరియా 51 అనే రహస్య వైమానిక స్థావరం దగ్గరి బార్‌లో నకిలీ ఫొటోలు పంచాడని ఆరో విచారణలోనే తేలిందట. 2024 నివేదికలో ఆ ముక్క లేదు. గ్రహాంతరవాసుల వాదనకు దీనివల్ల బలం చేకూరదు, ఇంకా నీరసిస్తుంది. అయినా తమకు తెలిసిన ముఖ్యమైన కారణాన్ని వదిలేసి ‘చరిత్ర’ అని విడుదల చేసినవాళ్ల మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

దీనికి భిన్నంగా ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలోని గేపాన్ విభాగం 2007 నుంచి కేసులను ఆన్‌లైన్‌లో పెడుతోంది. సాక్షుల పేర్లు తీసేసి, దర్యాప్తు వివరాలతో సహా. పాత కేసులను కొత్త సాధనాలతో మళ్లీ తిరగేసి, ‘అంతుచిక్కనివి’ అన్న వర్గంలోంచి కొన్నింటిని కిందికి దించింది. ఇప్పుడు ఆ వర్గంలో నూటికి మూడు దాకానే ఉన్నాయి. తప్పు పట్టాలనుకునేవాడికి కావలసిన సరుకంతా అక్కడే ఉంది.

అమెరికాలో అలాంటి ఏర్పాటుకు 2023లో ఒక అవకాశం వచ్చింది. సెనేటర్లు షూమర్, రౌండ్స్ ప్రతిపాదించిన సవరణలో, కెనెడీ హత్య పత్రాలకు 1992 చట్టం ఏర్పరచినట్టే, ఏది విడుదల చేయాలో ఏది ఆపాలో చూసే స్వతంత్ర సమీక్షా మండలి ఉంది. రక్షణ బిల్లు చట్టమయ్యేసరికి ఆ మండలి ఎగిరిపోయింది. జాతీయ ఆర్కైవ్స్‌లో ఒక సేకరణ, పాతికేళ్ల గడువు మిగిలాయి. ఏ కాగితం పంపాలో, ఏ కొలత మీద నల్ల పట్టీ వేయాలో నిర్ణయించే అధికారం ప్రధానంగా ఆ కాగితాలు పుట్టిన సంస్థల చేతిలోనే ఉండిపోయింది. ఇకమీదట విడుదలయ్యే ప్రతి కట్టనూ ఈ సంగతి తెలిసి తెరవాలి.