రేడియము వెల

1898లో క్యూరీ దంపతులు పిచ్‌బ్లెండు ఖనిజమునందు రేడియమును కనుగొనిరి. టన్నులకొలది ఖనిజవ్యర్థమును శుద్ధిచేయగా, 1902 నాటికి లభించిన శుద్ధ లవణము గ్రాములో పదవవంతు మాత్రమే. అయినను వారు ఆ పద్ధతికి పేటెంటు తీసుకొనక లోకమునకు వెల్లడించిరి. ఫ్రాన్సు, అమెరికాలలో కర్మాగారములు వెలసినవి. క్యాన్సరు చికిత్సకై గిరాకి హెచ్చినది.

1921 నాటికి గ్రాము వెల లక్ష డాలర్లు. ప్రయోగశాలకు కొనజాలని మేరీ క్యూరీకి అమెరికా స్త్రీలు చందాలెత్తి ఒక గ్రామును బహూకరించిరి. 1922లో బెల్జియను కంపెనీ కాంగోలోని సమృద్ధ ఖనిజమునుండి రేడియమును తీయ నారంభించెను. వెల తగ్గగా, పోటీకి నిలువలేక అమెరికా గనులు మూతబడినవి. 1929లో వార్సా రేడియము సంస్థకొరకు ఆమె మరియొక గ్రాము కొనుటకు ఏబదివేల డాలర్లే చాలినవి.

మూలకము అదియే, దాని వెలను నిర్ణయించినది వేరుచేయు శ్రమయు, గనిపై అధికారమును.