రబ్బరు పళ్ళెం వెనుక చరిత్ర

విమర్శకు, చరిత్రకు కేటాయించిన యీ పుటలలో ముట్టు గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. నాగలి చరిత్ర, మగ్గం చరిత్ర, ఆవిరియంత్రం చరిత్ర మనం శ్రద్ధగా చదువుతాం. మానవజాతిలో సగం మంది జీవితంలో ముప్ఫై, నలభై యేళ్ళపాటు నెలనెలా వాడవలసిన పరికరాలకు మాత్రం చరిత్ర వుంటుందని తలచం. మైల భావం మన వంటిళ్ళలోనే కాదు, మన చరిత్ర దృష్టిలోనూ కాపురముంటున్నదన్న మాట.

నేను యీ విషయానికి గ్రంథాల ద్వారా రాలేదు. నేను చరిత్ర చెప్పే కాలేజీలో ఒక విద్యార్థిని, క్లాసు ముగిశాక తలుపు దగ్గరగా వేసి, సంచిలోనుంచి ఒక వస్తువు తీసి చూపింది. చుట్టూ వంగే అంచు, నడుమ సంచిలా జారిన పల్చని పొర కల గుండ్రని సిలికోన్ పళ్ళెం. "దీన్ని డిస్కు అంటారు మేడమ్. మా అక్క పంపింది. లోపలికి పోయి తప్పిపోతుందేమోనని భయంగా వుంది" అన్నది. ఇరవై యేళ్ళుగా పారిశ్రామిక విప్లవం బోధిస్తున్న నాకు, నా శరీర నిర్మాణమే సరిగా తెలియదని ఆ రోజు తేలింది. సమాధానం వెతకబోయి చరిత్రలో పడ్డాను.

యీ డిస్కుకు తాత గర్భనిరోధక డయాఫ్రం. 1880 దశకంలో జర్మనీలో మెన్సింగా అనే వైద్యుడు దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. హాలండులో తొలి మహిళా వైద్యురాలు అలెట్టా జేకబ్స్ ఆమ్స్టర్‌డాంలోని పేద స్త్రీలకు దాన్ని అందించింది. అదే కాలంలో అమెరికాలో, 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం ప్రకారం, ఇటువంటి పరికరాలను, వాటి సమాచారాన్ని తపాలాలో పంపటమే నేరం. వస్తువుతోపాటు దాని గురించిన జ్ఞానాన్నీ నిషేధించారన్నది మనం గమనించాలి.

1937లో లియోనా చామర్స్ అనే అమెరికన్ నటి స్రావాన్ని పీల్చక పట్టివుంచే రబ్బరు కప్పుకు పేటెంటు పొందింది. కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. అయితే రబ్బరు ఎక్కడిది? అమెరికా వాడే రబ్బరులో అత్యధిక భాగం మలయా, డచ్చి ఈస్టిండీసు తోటలది. ఆ మలయా తోటలకే కంగాణీలు తమిళ దేశంనుంచీ, మన విశాఖ, గోదావరి ప్రాంతాలనుంచీ కూలీలను ఓడలెక్కించారు. తెల్లవారుజామున చెట్ల బెరడు గీసి పాలు పట్టిన వారిలో స్త్రీలున్నారు. వారికి మగవారికంటే తక్కువ కూలి. 1942లో జపాను ఆ తోటలను ఆక్రమించటంతో అమెరికాకు రబ్బరు కరువైంది, కప్పు తయారీ ఆగిపోయింది. 1950 దశకం చివర మళ్ళీ మార్కెట్టుకు వచ్చినా నిలదొక్కుకోలేదు.

అందుకు కారణం స్త్రీల సిగ్గేనని వ్యాపార చరిత్రకారులు అంటారు. సిగ్గు వున్నమాట నిజమే. ఆ సిగ్గును పెంచి పోషించినదెవరో కూడా అడగాలి. మొదటి ప్రపంచయుద్ధంలో గాయాలకు కట్టిన కలపగుజ్జు దూదినే, యుద్ధానంతరం కింబర్లీ-క్లార్క్ కంపెనీ 'కోటెక్స్' పేరుతో ప్యాడ్లుగా అమ్మింది. నెలనెలా కొనక తప్పని సరుకు అది. యేళ్ళ తరబడి మన్నే వస్తువుకంటే రోజుకు నాలుగు పారవేసే వస్తువులోనే పెట్టుబడికి లాభం. 1996లో 'ఇన్‌స్టెడ్' పేరుతో డిస్కు అమెరికా మార్కెట్టుకు వచ్చినప్పుడు కూడా వాడి పారవేసేదిగానే వచ్చింది. కడిగి వాడుకునే సిలికోన్ డిస్కులు విరివిగా దొరకటం ఇటీవలి సంగతి.

భద్రత విషయంలోనూ ఇదే కథ. 1980లో అమెరికాలో 'రిలై' అనే అతిగా పీల్చే టాంపన్ వాడినవారిలో విషజ్వరం వంటి టాక్సిక్ షాక్ వ్యాధి బయటపడింది, మరణాలు సంభవించాయి. ప్రాక్టర్ అండ్ గాంబిల్ దాన్ని ఉపసంహరించింది. ఇటువంటి సరుకుల సామర్థ్యాన్ని చాలాకాలం ఉప్పునీటితోనే కొలిచేవారు. అసలు రక్తంతో వివిధ పరికరాలను పోల్చిన పరిశోధన 2023లో గాని వెలువడలేదు! అందులో అన్నిటికంటే ఎక్కువ పట్టింది డిస్కులే, సగటున 61 మిల్లీలీటర్లు.

ఇక ఆ అమ్మాయికి నేను ఆలస్యంగా చెప్పిన సమాధానం. డిస్కు తప్పిపోదు. యోని మార్గం చివర గర్భాశయ ముఖద్వారం వుంటుంది. దాని రంధ్రం బహు చిన్నది. గోళ్ళు కత్తిరించుకొని, సబ్బుతో చేతులు కడుక్కొని, అంచును రెండు వైపుల నొక్కి, గొంతుక్కూర్చుని, పైకి కాక వెనక్కి, వెన్ను చివరి దిశగా జరపాలి. వెనుక అంచు ముఖద్వారం దాటి వెళ్ళాక, ముందు అంచును పొత్తికడుపు కింది ఎముక వెనుకకు ఎత్తి ఆనించాలి. సరిగా కూర్చుంటే అది వున్నట్టే తెలియదు. నొప్పి వున్నా, కారుతున్నా కొలత సరిపోలేదనో, ముందు అంచు జారిందనో అర్థం. తీసేటప్పుడు కంగారు పడక, ముక్కి, వేలు అంచుకు తగిలించి, వొలకకుండా నెమ్మదిగా లాగాలి. తయారీదారు చెప్పిన గడువు, సాధారణంగా పన్నెండు గంటలు, దాటకూడదు. సిలికోన్‌దైతే ప్రతి నెలా మరిగించాలి. వొకసారి వాడేదైతే పారవేయాలి. కాపర్-టి వున్నవారు, యిటీవల ప్రసవించినవారు ముందుగా డాక్టరును అడగాలి. హఠాత్తుగా తీవ్రజ్వరం, వాంతులు, దద్దుర్లు, తల తిరగటం కనిపిస్తే వెంటనే తీసివేసి ఆస్పత్రికి పోవాలి. మరొకటి: తాత గర్భనిరోధకమైనా, మనుమడు కాదు.

ఆమె అంతా విని, "మా హాస్టల్లో బాత్‌రూముకు గడియ లేదు మేడమ్" అన్నది. నా చదువు రోజుల్లో నేనున్న హాస్టలులోనూ లేదు. నలభై మందికి వొక్క కుళాయి. గడియ, నీరు, సబ్బు లేనిచోట యెంత మంచి పరికరమైనా క్షేమం కాదు. పరికరం విజ్ఞానానిది, క్షేమం సమాజానిది.

ఇది సాధ్యమేనని కేరళ చూపింది. ఎర్నాకుళం జిల్లా కుంబళంగిలో అయిదు వేలకు పైగా కప్పులను వుచితంగా పంచి, వాడకంలో స్త్రీలకు శిక్షణ యిచ్చారు. 2022 జనవరిలో దాన్ని ప్యాడ్లు లేని పంచాయతీగా ప్రకటించారు. డిస్కో, కప్పో, ప్యాడో, ఉతికిన గుడ్డో, యేది వాడాలో స్త్రీయే నిర్ణయించుకోవాలి. కొత్త పరికరాన్ని బలవంతంగా రుద్దటం అభ్యుదయం కాదు. యెంచుకోగల జ్ఞానాన్ని, వసతిని కల్పించటం మన పని.

వేదికమీద స్త్రీ విముక్తిని గురించి వుపన్యసించి, ఇంట్లో మూడు రోజుల మూలను భరిస్తున్న మిత్రులు మనలో లేకపోలేదు. వారి ఇళ్ళనుంచీ, మన కాలేజీ బాత్‌రూము గడియనుంచీ పని మొదలుపెడదాం. ఆ గడియ కోసం మా విద్యార్థినులు రాసిన అర్జీపై నేనూ సంతకం చేశాను.