ఒక ఏటవాలు గీత కథ

ఒక కంప్యూటరుపై చక్కగా నడచిన ప్రోగ్రాము మరొక దానిపై మొదటి అడుగులోనే నిలిచిపోవుట విద్యార్థులకు అనుభవమే. దోషము తర్కములో లేకపోవచ్చును. ఒక చిన్న గీతలో ఉండవచ్చును. ఆ గీతకు ఒక చరిత్ర కలదు.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్ వ్యవస్థకు నాంది పలికిరి. అందులో ఫైలు చిరునామాలోని భాగములను కుడికి వాలిన గీత (/) వేరుచేయును. 1981లో వెలువడిన ఎమ్మెస్ డాస్ మొదటి కూర్పులో ఫైళ్లను వేరుగా ఉంచు అరలు, అనగా డైరెక్టరీలు, లేవు. ఆ గీతను ఆజ్ఞలకు షరతులు తగిలించుటకు వాడిరి. 1983లో రెండవ కూర్పున డైరెక్టరీలు వచ్చునప్పటికి ఆ గీత వేరొక కొలువులో చేరియుండెను. అందుచేత ఎడమకు వాలిన గీతను (\) గైకొనిరి. విండోస్‌కు సంక్రమించినది ఇదియే. నకలు తీయు ఆజ్ఞ కూడ యూనిక్స్‌లో ‘సీపీ’, విండోస్‌లో ‘కాపీ’.

ఈ భేదములు ప్రోగ్రాములను తయారుచేయు సాధనములకు పెద్ద చిక్కు తెచ్చెను. పెద్ద ప్రోగ్రాము అనేక ఫైళ్ల సముదాయము. వానిని యంత్రభాషలోనికి మార్చి, తగిన క్రమమున కూర్చవలెను. బెల్ ప్రయోగశాలలో ఒక ఉద్యోగి, దిద్దిన ఫైలును మరల కంపైలు చేయక, లేని దోషమును వెదకుచు ఒక ఉదయమంతయు వ్యర్థపుచ్చెను. అది విని స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో ‘మేక్’ అను సాధనమును రచించెను. మారిన ఫైలుపై ఆధారపడిన వానిని మాత్రమే అది తిరిగి తయారుచేయును. కాని పనులకు ఆయా యంత్రముల ఆజ్ఞలనే పిలుచును. యూనిక్స్ కొరకు వ్రాసిన సూచనలు విండోస్‌పై చెల్లకపోవుటకు కారణమిదియే.

‘విండోస్ అయినచో ఇట్లు, కానిచో అట్లు’ అని ప్రతిచోట వ్రాయవచ్చును. కాని ఇరువది చోట్ల వ్రాసినవాడు ఒకచోట మరచును. అందుచేత ఆ నిర్ణయమును ఒక చిన్న సహాయక పద్ధతిలో ఒక్కసారే వ్రాసి, తక్కినచోట్ల దాని పేరుతో పిలుచుట మేలు. 2000లో కిట్‌వేర్ సంస్థ ఆరంభించిన ‘సీమేక్’, అటుపిమ్మట రూబీ భాషలో జిమ్ వైరిక్ రచించిన ‘రేక్’ ఈ మార్గమునే పట్టినవి. నకలు తీయుట, తొలగించుట వంటి పనులకు వానిలో అన్ని యంత్రములపై ఒకే తీరున నడచు పద్ధతులు కలవు.

అయినను జాగరూకత అవసరము. విండోస్‌లో ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అను డైరెక్టరీ పేరు నడుమ ఖాళీ కలదు. చిరునామాను కొటేషన్ గుర్తుల నడుమ ఉంచని ఆజ్ఞ దానిని రెండు పేర్లుగా చదువును. తొలగించు పద్ధతిలో ఈ పొరపాటు జరిగినచో వేరొక ఫైలు నశింపవచ్చును. కనుక సహాయక పద్ధతిని ఒక యంత్రముపై చూచి తృప్తిపడరాదు. వాడదలచిన ప్రతి వ్యవస్థపైనను, ఖాళీలుగల పేర్లతోడను పరీక్షింపవలెను.

యంత్రముల భేదములను మనము తొలగింపలేము. వానిని ఒక్కచోట బంధింపగలము. అప్పుడు తప్పు దొరలినను వెదకవలసిన చోటు ఒక్కటే.