గ్రామ్యం, యాస, స్లాంగ్
(రేడియో ప్రసంగ పాఠం)



ఆ మధ్య సన్నీవేల్‌లో తెలిసినవాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన మామ్మగారు మనవణ్ణి చూసి, "ఏటి బాబూ, తినకుండా కూకున్నావు?" అన్నారు. వాడు నవ్వుతూ, "కూకున్నాను మామ్మా" అన్నాడు. మేం ముచ్చటపడేలోగా వాళ్ళమ్మ అందుకుంది. "అది స్లాంగ్ నాన్నా, కూర్చున్నాను అనాలి." ఆ తర్వాత మామ్మగారు వాడితో పెద్దగా మాట్లాడలేదు.

ఆ తల్లిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. కొడుక్కి మంచి తెలుగు రావాలనే ఆవిడ తాపత్రయం. కానీ ఒకరి తెలుగు మంచిది, ఇంకొకరిది స్లాంగ్ ఎలా అయ్యాయి? దీని వెనక పెద్ద కథే ఉంది.

"గ్రామ్యం" అనే మాట చూడండి. గ్రామానికి చెందినది అని అర్థం. అందులో తప్పేముంది? కానీ అలంకారశాస్త్రంలో అది ఒక కావ్యదోషం పేరు. వ్యాకరణానికి ఒదగని భాషే గ్రామ్యమని పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో నిర్వచించారు. ఆయన నీతిచంద్రిక బడి వచనానికి ఒరవడి అయింది. అలా బళ్ళో రాసేది గ్రాంథికం, ఇంట్లో అమ్మ మాట్లాడేది గ్రామ్యం అయిపోయాయి.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారికి ఇది నచ్చలేదు. 1907 ప్రాంతంలో విద్యాశాఖ అధికారి జె. ఎ. యేట్స్, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగార్లతో కలిసి ఉద్యమం మొదలుపెట్టారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు గ్రాంథికం పక్షాన నిలిచారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. 1919లో గిడుగు "తెలుగు" అనే పత్రికే పెట్టారు.

ఆ వాదంలో పేర్లే సగం యుద్ధం చేశాయి. అవతలివారు గ్రామ్యం అన్నదాన్నే ఈయన వ్యావహారికం అన్నారు. భాష ఒకటే, పేరు మారేసరికి గౌరవం వచ్చింది. చివరికి వ్యావహారికమే గెలిచింది. ఇప్పుడు ఎవరైనా పుస్తకంలోలా మాట్లాడితే "ఏమిటీ గ్రాంథికం!" అని నవ్వుతాం. ఒకప్పటి పొగడ్త వేళాకోళమైంది.

కథ అక్కడితో అయిపోలేదు. గెలిచింది "శిష్ట" వ్యావహారికం, అంటే చదువుకున్నవారి వాడుక. ఆచరణలో కోస్తా మధ్య జిల్లాల చదువరుల పలుకుకే ఆ మర్యాద ఎక్కువ దక్కింది. తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ పలుకులకు "యాస" అనే పేరు మిగిలింది. మన సినిమాలు చాలాకాలం వాటిని హాస్యగాళ్ళకీ, రౌడీలకీ అప్పగించాయి. తెలంగాణ పలుకును చిన్నచూపు చూడడాన్ని కాళోజీ నారాయణరావు తన కవిత్వంలో నిలదీశారు. 2014 నుంచి ఆయన పుట్టినరోజు, సెప్టెంబరు 9, తెలంగాణ భాషా దినోత్సవం.

ఆగస్టు 29 గిడుగువారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన 1863లో ఎక్కడ పుట్టారనుకున్నారు? ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, అంటే ఇవాళ్టి శ్రీకాకుళం జిల్లాలోనే. మామ్మగారి "ఏటి", "కూకున్నావు" ఆయన పుట్టిన నేల మాటలే.

మన ఇంగ్లీషు విని ఆఫీసులో ఎవరైనా మొహం చిట్లిస్తే ఎంత నొచ్చుకుంటాం! అది తప్పు కాదు, మన యాక్సెంట్ అంటాం. ఆ మర్యాదే మన ఇంట్లో పెద్దవాళ్ళకీ ఇద్దాం. "మామ్మ కూకున్నాను అంటుంది, నేను కూర్చున్నాను అంటాను, రెండూ తెలుగే" అని పిల్లలకు చెబితే చాలు. ఇక్కడ వాళ్ళకు తెలుగు వినిపించే గొంతులే తక్కువ. ఉన్న గొంతు మూగబోకుండా చూసుకోవాలి కదా!