భద్రాద్రిలో మనము చూడని ఱాళ్లు



శ్రీరామనవమినాఁడు భద్రాచలము మెట్లెక్కువారిలో సెల్‌ఫోను లేనివారు నేఁడరుదు. మా మనుమఁడును ఉత్సవమునకుఁ బోయి నలువది ఛాయాచిత్రములు తెచ్చెను. నలువదింటను గోపురమే, దాని ముందర వాఁడే. "ఒరే, గోపుర మెక్కడికిని పోదు. పోవుదానిని దేనినైనఁ బట్టి తెచ్చితివా?" అని యడిగితిని. వాఁడు తెల్లమొగము వేసెను. అప్పుడు వానికిఁ జెప్పిన మాటలే నేఁడు మీకును వినిపించుచున్నాను.

పాల్వంచ పరగణాకుఁ దహశీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న సర్కారు పైకముతో గుడి కట్టించి, అబుల్‌హసన్ కుతుబ్‌షా (1672–1687) ఏలుబడిలో గోలకొండ చెఱసాలఁ బడిన కథ మీకుఁ గంఠస్థమే. అంతకుముందే పోకల దమ్మక్క యను అడవిబిడ్డ తాటాకుల పందిరి వేసి స్వామిని గొలిచెనని ఐతిహ్యము. ఆ పందిరికిఁ బట మెక్కడిది? పోనిండు, అది మన చేతిలో లేని కాలము. కాని నేఁడు మనము చూచు ఱాయి యంతయు గోపన్న పెట్టించినదియుఁ గాదు. 1960వ దశకమున గొప్ప జీర్ణోద్ధరణము జరిగెను; శిల్పములతో నిండిన కల్యాణమంటపము నాఁటిది. పని చక్కనిదే, నాకు దానిపై నాక్షేపణ లేదు. అంతకుముందు ఆ తావున స్తంభ మెట్లుండెనో, గడప యెట్లుండెనో చూపు పటములకై వెదకితిని. నాకుఁ దొరకినవి మిక్కిలి తక్కువ.

కాగితములును ఒక్కచోట లేవు. ఈ ప్రాంతము 1860లో నైజామునుండి ఇంగ్లీషువారి వశమయ్యెను. 1874లో గోదావరి జిల్లాలోఁ జేరెను. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. కచేరీ మాఱినప్పుడెల్ల దస్తరములును తావు మాఱినవి. కదలనిది ఱాయి యొక్కటే. కావున దానినే యడుగవలెను.

గర్భగుడిలోఁ బటము తీయుట నిషేధము, అది తగినదే. అక్కడ కన్నే యంత్రము. విష్ణుమూర్తులకు సాధారణముగాఁ జక్రము కుడిచేతను, శంఖము ఎడమచేతను ఉండును. ఇచ్చటి చతుర్భుజ రామునకు శంఖము కుడివైపున, చక్రము ఎడమవైపున నుండును. ఏటేటఁ బోవువారినే యడిగి చూడుఁడు, పదుగురిలో నిద్దఱు చెప్పినఁ జాలును. వెలుపలికి వచ్చి తలయెత్తినచో విమానముపై సుదర్శనచక్రము కనఁబడును. అది గోపన్నకు గోదావరిలో దొరకినదని చెప్పుదురు. దానికై తల యెత్తువారెందఱు?

నదియొడ్డునకు దిగినచో మఱియొక చరిత్ర. గోదావరి యిచ్చట 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పొంగెను. వరద తీసినపిదప గోడలపై బురదగీఁత నిలుచును. ఇల్లు కడిగి సున్నము వేయఁగానే అదియుఁ బోవును. ఆ నాలుగుదినములలోఁ దీసిన పటమే దానికి సాక్ష్యము.

1858లో లిన్నేయస్ ట్రైప్ అను దొర తంజావూరు పెద్దగుడికి వచ్చెను. అతఁడు విమానమును మాత్రమే తీసి పోలేదు. గుడి యడుగుభాగమునఁ జుట్టును చెక్కిన శాసనములను వరుసగాఁ దీసి, ఇరువదియొక్క ముద్రణములను జోడించి, దాదాపు పందొమ్మిదడుగుల పొడవుగల పటము చేసెను. నేఁటి సెల్‌ఫోనుతో పోల్చినచో వాని పరికరము బండి బరువు!

ఇఁక నా తప్పు చెప్పుకొందును. నేను బడిపంతులుగాఁ జేరిన కొత్తలో, అడవి అంచుననున్న యొక పల్లెగుడిలో అయిదు పంక్తుల శిలను జూచితిని. నాలుగు వ్రాసికొంటిని. అయిదవది అరిగియుండుటచే వెలుతురు చాలక, "వేసవి సెలవులలో వచ్చెదను" అనుకొంటిని. సెలవులకుఁ బోవునప్పటికి నేల బాగుచేసి, పలకఱాళ్లు పఱచిరి. శిల వానిక్రిందఁ బోయెను. పఱచినవారు భక్తులే, వారికిఁ జెప్పవలసినవాఁడను నేను, చెప్పలేదు. దాత పేరు ఆ పంక్తిలోనే యుండెనేమో యని నేఁటికిని దిగులు.

కావున మీ యూర మరమ్మతు తలపెట్టినచో, సున్నపుబానకంటె ముందు సెల్‌ఫోనుగల కుఱ్ఱవానిని బిలువుఁడు. పూజారి యనుమతి యడుగుఁడు. ప్రొద్దున్నే గాని సాయంకాలము గాని, ఎండ ఏటవాలుగాఁ బడునప్పుడు తీయింపుఁడు. మిట్టమధ్యాహ్నము కనఁబడని యక్షరము అప్పుడు నీడతో లేచును. అక్షరములలో సుద్ద నింపవలదు, నూనె పూయవలదు. ప్రక్కనొక అడుగుబద్ద నుంచుఁడు. తేదియు, తావును, ముఖము ఏ దిక్కునకున్నదో కాగితముపై వ్రాసి దాఁచుఁడు. సెల్‌ఫోను పగిలిపోవచ్చును గావున, పటమును అచ్చువేయించి గుడిపెట్టెలో నొకటి, బడిలో నొకటి యుంచుఁడు.

మొన్న మనుమఁడు తెల్లవాఱకమునుపే లేచి పోయి, మా యూరి బొడ్రాయిని తీసికొనివచ్చెను. ఎండ ప్రక్కనుండి పడినది, అడుగుబద్దయుఁ బెట్టినాఁడు. "తాతా, దీనిని ఎవరి కాలమున నిలిపిరి?" అని యడిగెను. నాకుఁ దెలియలేదు. కుమ్మరివాడలో నాకంటె పెద్దవాఁడొకఁడు గలఁడు. కాగితమును కలమును ఇచ్చి వానికడకుఁ బంపితిని.